ఏ సంవత్సరం గ్రీన్?

మోడల్ స్టీమ్ ఇంజన్లకు రంగులు వేసే పని మీరు వర్క్‌షాపులో ఎయిర్‌బ్రష్‌తో చేసినా, 3డి స్టూడియోలో టెక్స్చర్‌గా చేసినా, గొడవ మొదలయ్యే చోటు ఒకటే. క్లయింట్ “ఫ్లయింగ్ స్కాట్స్‌మన్, గ్రీన్” అని ఒక్క లైన్ మెయిల్ పెడతాడు. టైమ్ లేదు కదా అని మీరు నెట్‌లో ముందు కనిపించిన ఫొటో చూసి పని కానిచ్చేస్తారు. డెలివరీ అయ్యాక వాళ్ల తరఫున విషయం తెలిసినవాడొకడు తప్పులు ఏరతాడు. రీవర్క్ ఖర్చు మీ నెత్తినే.

కాబట్టి ముందు సంవత్సరం అడగండి. ఈ ఇంజన్‌నే చూడండి. 1923లో డాంకాస్టర్‌లో తయారైంది. అప్పటి బ్రిటిష్ రైల్వే కంపెనీ ఎల్‌ఎన్‌ఈఆర్ ఆపిల్ గ్రీన్‌లో 4472 నంబరుతో పేరు తెచ్చుకుంది. యుద్ధకాలంలో నలుపు వేశారు. రైల్వేలు జాతీయమయ్యాక నంబరు 60103 అయింది, కొన్నాళ్లు నీలం, ఆ తర్వాత ముదురు బ్రన్స్‌విక్ గ్రీన్. డబుల్ చిమ్నీ 1959లో, పొగను పైకి మళ్లించే రేకులు 1961లో వచ్చాయి. 1963లో సర్వీసు నుంచి తప్పించాక ప్రైవేటు యజమాని మళ్లీ ఆపిల్ గ్రీన్ వేయించాడు. 1999 తర్వాతి కొన్ని ఫొటోల్లో ఆపిల్ గ్రీన్ మీద డబుల్ చిమ్నీ కనిపిస్తుంది. అది చూసి 1930ల మోడల్ చేశారా, అయిపోయారు. ఎల్‌ఎన్‌ఈఆర్ ఉన్నన్నాళ్లూ ఆ ఇంజన్‌కు డబుల్ చిమ్నీయే లేదు.

పాత ఫొటోలను నమ్మడంలో రెండు ప్రమాదాలున్నాయి. ఆర్థోక్రొమాటిక్ ఫిల్ము ఎరుపును పట్టుకోదు. మిడ్‌లాండ్ రైల్వే ముదురు ఎరుపు ఇంజన్ అందులో దాదాపు నల్లగా వస్తుంది, నీలం వెలిసినట్టు కనిపిస్తుంది. రెండోది, ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చే కొత్త ఇంజన్‌కు కేవలం ఫొటో కోసం బూడిద రంగు వేసేవారు, వివరాలు స్పష్టంగా పడతాయని. గీతలు, అక్షరాల కొలతలకు ఆ ఫొటో బంగారం. రంగుకు మాత్రం పనికిరాదు.

రంగు పేరు కూడా ఆధారం కాదు. లండన్–బ్రైటన్ రైల్వే ఇంజనీరు స్ట్రౌడ్లీ వాడిన “ఇంప్రూవ్డ్ ఇంజన్ గ్రీన్” అంటే పసుపు మట్టి రంగు! హిస్టారికల్ మోడల్ రైల్వే సొసైటీ ప్రచురణలు, యార్క్ నేషనల్ రైల్వే మ్యూజియం ఆర్కైవ్‌లోని డ్రాయింగులు చూడండి. మ్యూజియంలో నిలబెట్టిన ఇంజన్ మీద ఉన్నది రీపెయింటే కావచ్చు, పైగా పాత వార్నిష్ పసుపెక్కి కింది నీలాన్ని పచ్చగా చూపిస్తుంది.

ఇక డబ్బా తెరిచాక. ఒకే పేరుతో రెండు కంపెనీలు అమ్మే రంగు కలవాలని లేదు. ఎర్ర ప్రైమర్ మీద, బూడిద ప్రైమర్ మీద ఒకే గ్రీన్ రెండు రకాలుగా కనిపిస్తుంది. గ్లాసీ వార్నిష్ దాన్ని ఇంకా ముదురు చేస్తుంది. ట్యూబ్‌లైట్ కింద కలిసిన షేడ్ ఎండలో విడిపోవచ్చు. అందుకే ప్రైమర్, రంగు, వార్నిష్ మూడూ వేసిన రేకు ముక్కను పగటి వెలుతురులో చూశాకే నిర్ణయించండి. ఇంకో చిక్కుంది. అసలు ఇంజన్ షేడ్‌ను 1:76 మోడల్‌కు అలాగే వేస్తే మరీ ముదురుగా కనిపిస్తుంది, చాలామంది కాస్త తెలుపు కలుపుతారు. నా ఓటు కూడా దానికే. అయితే ఒరిజినల్ పెయింట్ చిప్ పక్కన పెట్టి పోల్చే క్లయింట్ దాన్ని తప్పంటాడు. ఎంత లేతగా చేస్తారో మెయిల్‌లో ముందే ఒప్పించుకోండి.

లెటరింగ్‌లో తప్పు ఇంకా తొందరగా దొరుకుతుంది, అక్షరం చదవడం అందరికీ వచ్చు. ముద్రల్లోనూ అంతే. బ్రిటిష్ రైల్వేస్ 1956 ముద్రలోని సింహం మొదట్లో ఇంజన్ రెండు పక్కలా ముందుకే చూసేది, అంటే కుడి పక్కన కుడివైపు. చిహ్నాల నియమాలకు అది విరుద్ధమని కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్ అభ్యంతరం చెప్పడంతో, తర్వాత అన్ని సింహాలూ ఎడమవైపే తిరిగాయి. ట్రాన్స్‌ఫర్ షీటులో రెండూ ఉంటే మీ సంవత్సరానికి ఏదో చూసుకుని అంటించండి.

క్లయింట్‌కు పంపే శాంపిల్ రేకులు రెండు చేయండి. వెనక సంవత్సరం, మిక్స్ నిష్పత్తి, ప్రైమర్, వార్నిష్ పేర్లు రాసి ఒకటి వాళ్లకు పంపి, ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. ఓకే అని రాతపూర్వకంగా వచ్చేదాకా, డెడ్‌లైన్ ఎంత దగ్గరున్నా, బాడీ మీద రంగు పడనివ్వకండి.