కాలు జారితే నిలబెట్టే కండ

మా విడపనకల్లు ప్రాంతంలో నల్లరేగడి ఎక్కువ. వాన పడిందంటే చేనిగట్టు మీద జారని కాలుండదు. పడుచువాడూ జారతాడు, డెబ్బై ఏళ్ల పెద్దాయనా జారతాడు. పడుచువాడు చటుక్కున ఇంకో అడుగేసి నిలబడతాడు, పెద్దాయన పడిపోతాడు. ఈ తేడాను ఊళ్లో కొందరు ‘వయసు’ అంటారు, కొందరు ‘గాచారం’ అంటారు. శరీరశాస్త్రం చూపించేది మాత్రం ముఖ్యంగా కండను.

మన కండరాల్లో ప్రధానంగా రెండు రకాల పోగులున్నాయి. ఒక రకం నిదానంగా, అలుపు లేకుండా పనిచేస్తుంది. మైళ్లకొద్దీ నడిపించేది ఇదే. రెండో రకం రెప్పపాటులో బలం చూపి తొందరగా అలిసిపోతుంది. కాలు జారినప్పుడు ఆదుకునేది ఈ రెండోదే. వయసు పైబడేకొద్దీ ఎక్కువగా సన్నబడేదీ ఇదే. వెన్నుపాములో ఉండి కండరాలకు ఆజ్ఞలు పంపే నాడీకణాలు కూడా కొన్ని నశిస్తాయి. అందుకే ఊరంతా తిరిగొచ్చే తాత కూడా గడప తగిలితే తమాయించుకోలేడు.

ముప్పై దాటాక పదేళ్లకు నూటికి 3 నుంచి 8 పాళ్ల కండ తగ్గుతుందనీ, అరవై తర్వాత ఆ వేగం పెరుగుతుందనీ అంచనా. ఈ కండరక్షయానికి 1989లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఇర్విన్ రోజెన్‌బర్గ్ ‘సార్కోపీనియా’ అని పేరు పెట్టాడు. గ్రీకు భాషలో ‘సార్క్స్’ అంటే మాంసం, ‘పీనియా’ అంటే లేమి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పడిపోవడం వల్ల ఏటా సుమారు 6,84,000 మంది చనిపోతున్నారు. వారిలో అరవై దాటినవారే ఎక్కువ.

“జీవితమంతా మడక పట్టిన రైతుకు కండ తగ్గడమేమిటి?” అని మిత్రులు అడగవచ్చు. కండ గరిసెలో పోసిన గింజ కాదు, దాచుకుంటే నిలవదు. 2007లో ప్రచురితమైన ఒక అమెరికా పరిశోధనలో ఆరోగ్యంగా ఉన్న వృద్ధులను 10 రోజులు మంచం మీదే ఉంచితే వారి కాళ్లలోనే సుమారు ఒక కిలో కండ తగ్గింది. తుంటి విరిగి నెలల తరబడి మంచాన పడినవాళ్ల సంగతి వేరే చెప్పాలా? బోరు ఎండి చేను బీడు పడ్డప్పుడు, కొడుకులు బెంగుళూరు వలస పోయినప్పుడు పెద్దవాళ్లకు పని ఒక్కసారిగా ఆగిపోతుంది. ఇంట్లో ఉన్నవాళ్లం “నువ్వు కూచో తాతా, మేం చేస్తాంలే” అంటాం. అనేది ప్రేమతోనే, కానీ నష్టపోయేది తాత కాళ్లే.

పోయిన బలం కొంతవరకైనా తిరిగి వస్తుంది. 1990లో మేరియా ఫియాటరోన్ బృందం బోస్టన్‌లో తొంభై ఏళ్ల ప్రాయంలో ఉన్న పదిమంది వృద్ధాశ్రమవాసుల చేత 8 వారాలు కాళ్లతో బరువులెత్తించింది. పూర్తిచేసిన తొమ్మిదిమందిలో కాలి బలం సగటున రెండున్నర రెట్లకు మించింది. తొంభైలో సాధ్యమైనది అరవైలో కాదా?

ఇంట్లోనే చేయదగ్గ పరీక్ష ఒకటుంది. చేతులు ఛాతీకి కట్టుకుని, కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవాలి. దీనికి 12 సెకన్లు, అంతకు మించి పడితే కాళ్ల సత్తువ తగ్గిందని 2019లో ఆసియా నిపుణుల బృందం సూచించింది. ఈ పరీక్షే మంచి వ్యాయామం కూడా. పక్కన ఒకరు నిలబడి రోజూ కొన్నిసార్లు చేయించాలి. గుండెజబ్బు ఉన్నవారు ముందు డాక్టరును అడగాలి.

ఇక తిండి. సంగటి, అన్నం కడుపు నింపుతాయి గాని వాటిలో మాంసకృత్తులు తక్కువ. పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాములు మేలని నిపుణులంటారు. అంటే 50 కిలోల మనిషికి 50 నుంచి 60 గ్రాములు. మన చేలల్లో పండే పప్పుశనగ, వేరుశనగ, ఉలవలకు పాలో గుడ్డో తోడైతే చాలావరకు సరిపోతుంది. మూత్రపిండాల జబ్బున్నవారికి మాత్రం డాక్టరు మాటే కొలత.

చూపు మందగించడం, కొన్ని రకాల మాత్రలు, చీకటి దారి కూడా పడేస్తాయి. కనుక కళ్ల పరీక్ష చేయించండి, రాత్రిపూట దొడ్డిదారిలో ఒక దీపం ఉంచండి. సెలవులకు ఊరికి పోయే మిత్రులారా, అవ్వ చేతిలోని చిన్న బిందెను లాక్కోకండి. పక్కన నడుస్తూ ఆమెనే మోయనివ్వండి.