చవక పిస్టల్ నుంచి బొరిగె దాకా

రేవెన్ ఎంపీ-25 అరచేతిలో ఇమిడిపోయే పిస్టల్. పొడవు 12 సెంటీమీటర్లు, బరువు 425 గ్రాములు, మేగజైన్‌లో ఆరు తూటాలు పడతాయి. 1968లో అమెరికా చట్టం చవకరకం విదేశీ చేతితుపాకుల దిగుమతికి అడ్డుకట్ట వేసింది. ఆ లోటు పూడ్చడానికి లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల చిన్న చిన్న కార్ఖానాలు పుట్టుకొచ్చాయి. వాటిలో ముందుది 1970లో జార్జి జెన్నింగ్స్ పెట్టిన రేవెన్ ఆర్మ్స్. 1991లో ఆ కార్ఖానా తగలబడేనాటికి అక్కణ్ణుంచి పది లక్షలకు పైగా పిస్టళ్లు బయటికొచ్చాయి. కొత్తది వంద డాలర్లకు చాలా తక్కువకే దొరికేది. ఇవాళ అవి చనిపోయిన తండ్రుల బీరువా సొరుగుల్లో, బట్టల మడతల కింద, వారసులకు దొరుకుతున్నాయి. అక్కర్లేని ఈ వస్తువును ఏం చేయాలన్నదే మొదటి ప్రశ్న. 2020లో భయంతో ఏదో ఒక చవక పిస్టల్ కొని, పిల్లలు సొరుగులు తెరిచే వయసుకొచ్చాక దాన్ని చూసి జంకుతున్న డాలస్, అట్లాంటా తెలుగు ఇళ్లకూ ఈ ప్రశ్న వర్తిస్తుంది.

నిర్ణయం దగ్గర నాలుగు దారులున్నాయి. అమ్మితే వంద డాలర్ల పైచిలుకు వస్తుంది, కానీ తుపాకీ తుపాకీగానే మరో ఇంటికి చేరుతుంది. పోలీసులకు ఇస్తే ఆ రాష్ట్రం చట్టం ఏం చెబుతుందో ముందే కనుక్కోవాలి. కెంటకీలో పోలీసులు జప్తు చేసిన తుపాకులు రాష్ట్ర పోలీసు వేలానికి వెళతాయి. అరిజోనాలో 2013 చట్టం ప్రకారం పోలీసులకు చేరిన తుపాకులను నాశనం చేయకుండా అమ్మాలి. మూడోది నగరాలు పెట్టే కొనుగోలు శిబిరం. అక్కడ గిఫ్ట్ కార్డు చేతికి వస్తుంది. అయితే కొన్ని నగరాలు తుపాకులను అప్పగించే కంపెనీలు సీరియల్ నంబరున్న ఒక్క భాగాన్నే పిండి చేసి, మిగతా విడిభాగాలను అమ్ముకుంటున్నాయని 2023లో పత్రికలు బయటపెట్టాయి. అందుకే ఎక్కడ ఇచ్చినా ‘తీసుకున్నాక మొత్తం నాశనం చేస్తారా?’ అని అడిగి తెలుసుకోవాలి. నాలుగో దారి యజమాని కళ్లముందే కోయించడం. కొలరాడో స్ప్రింగ్స్‌లో మైక్ మార్టిన్ 2013లో మొదలుపెట్టిన రాటూల్స్ సంస్థ ఈ దారి చూపించింది. కోతయంత్రాలున్న స్వచ్ఛంద కార్యకర్తలు యజమాని ఎదుటే తుపాకీని ముక్కలు చేస్తారు. ముక్కలను కొలిమిలో పెట్టి తోటపని పనిముట్లు చేస్తారు.

నాలుగో దారి ఎంచుకున్నాక మొదటి పని తుపాకీని ఖాళీ చేయడం. మేగజైన్ తీసేస్తే ఖాళీ అయిపోయిందనుకోవడం ప్రాణాంతకం, ఎందుకంటే గొట్టం వెనక గదిలో ఇంకో తూటా ఉండవచ్చు. గొట్టాన్ని మనుషుల్లేని వైపుకు, నేలవైపుకు తిప్పి ఉంచి, ట్రిగ్గర్‌కు దూరంగా వేలు పెట్టి, ముందు మేగజైన్ తీస్తారు. ఆ తర్వాత పైనున్న స్లైడ్‌ను వెనక్కి లాగి గదిలోకి చూస్తారు, చిటికెన వేలితో తడిమి మరీ నిర్ధారించుకుంటారు. ఈ జాతి పిస్టళ్ల విషయంలో ఇంత జాగ్రత్త ఎందుకో బ్రైకో కథ చెబుతుంది. ఇదే కుటుంబపు కార్ఖానా చేసిన ఆ పిస్టల్‌లో సేఫ్టీ వేసి ఉంటే స్లైడ్ కదలదు, తూటా తీయాలంటే సేఫ్టీ తీయక తప్పదు. 1994లో కాలిఫోర్నియాలో ఒకరు అలా తీస్తుండగా పేలి, ఏడేళ్ల పిల్లాడికి మెడ కింద శరీరం చచ్చుబడింది. 2003లో జ్యూరీ తయారీదారులను కూడా బాధ్యులను చేసింది. కంపెనీ దివాలా తీశాక, మరుసటి ఏడు వేలంలో మిగిలిన పిస్టళ్లను కొని కరిగించేయాలని ఆ కుర్రాడు విరాళాలు పోగుచేశాడు. పాట వేరొకరికి దక్కింది. తుపాకులు పట్టుకోవడం అలవాటు లేనివాళ్లు ఈ దశను అనుభవజ్ఞుడి చేతికే వదిలేయాలి. తీసిన తూటాలు చెత్తబుట్టలోకీ కొలిమిలోకీ వెళ్లకూడదు. వాటిని పోలీస్ స్టేషన్‌లోనో, తీసుకుంటామన్న షూటింగ్ రేంజిలోనో అప్పగిస్తారు. ఇండియా ప్రయాణపు పెట్టెలో మరిచిపోయిన ఒక్క తూటా ఉన్నా శంషాబాద్‌లో ఆయుధాల చట్టం కింద కేసు అవుతుంది.

తర్వాత కాగితం పని. ఫ్రేమ్ మీది సీరియల్ నంబరును, అంటే పిడి, ట్రిగ్గర్ అమరిన అసలు ఒంటి మీద చెక్కిన అంకెలను రాసుకుని ఫొటో తీస్తారు. దొంగసొత్తు కాదని పోలీసుల దగ్గర తేల్చుకుంటారు. అంకెలు గీకేసి ఉంటే పని అక్కడే ఆగుతుంది, ఇక మాట్లాడాల్సింది వకీలుతోనే. అంతా సవ్యంగా ఉంటే కోత యజమాని ఇంటి ముందే జరుగుతుంది. తుపాకీ చేతులు మారదు, కాబట్టి బదిలీ కాగితాల అవసరం రాదు.

ఇక విప్పడం. ఎంపీ-25 స్లైడ్ వెనక చివర చిన్న బొడిపె ఉంటుంది. దాన్ని లోపలికి నొక్కి, స్లైడ్‌ను వెనక్కి లాగి పైకెత్తితే ఊడి వస్తుంది. స్ప్రింగులు, తూటాను కొట్టే సూది, మేగజైన్ ఒక్కొక్కటే బల్ల మీదికి చేరతాయి. అప్పుడు ఈ పని చేసే కమ్మరి అయస్కాంతం తీస్తాడు. స్లైడ్ అతుక్కోదు, ఫ్రేమ్ కూడా అతుక్కోదు. రెండూ జమాక్‌తో చేసినవి. అది జింకులో సుమారు 4 శాతం అల్యూమినియం, కొద్దిగా మెగ్నీషియం కలిపిన లోహం, దాన్ని కరిగించి ఒత్తిడితో అచ్చుల్లోకి కొడతారు. ఉక్కు దిమ్మెను చెక్కి చేసే పిస్టల్‌కు గంటల కొద్దీ యంత్రం పని కావాలి, అచ్చు నుంచి ఇది క్షణాల్లో ఊడిపడుతుంది. దాని చవకతనమంతా అక్కడే ఉంది. చిన్న భాగాలు పక్కన పెడితే, అయస్కాంతానికి గట్టిగా అతుక్కునేది ఒక్క గొట్టం. పొడవు 61 మిల్లీమీటర్లు, అచ్చమైన ఉక్కు.

ఇక్కడే నేర్పరికీ ఉత్సాహవంతుడికీ తేడా తెలుస్తుంది. తెలియనివాడు పిస్టల్‌ను మొత్తంగా కొలిమిలో పెడతాడు. ఉక్కు సుత్తికి లొంగేది వెయ్యి డిగ్రీల దగ్గర, జమాక్ 380 దాటితే చాలు నీరైపోతుంది. 907 డిగ్రీల దగ్గర జింకు మరిగి తెల్లని పొగ అవుతుంది. ఆ పొగ పీల్చినవాడికి రాత్రికి చలిజ్వరం తగులుతుంది. అందుకే రెండు లోహాలను వేరుచేయనిదే పని ముందుకు సాగదు.

వేరుచేయడానికి కోత. ఉక్కును కోసే రాపిడి చక్రం మెత్తని జింకు మీద పనికిరాదు, లోహం చక్రం రంధ్రాల్లో పేరుకుపోయి చక్రం పగిలే ప్రమాదం ఉంది. కమ్మరి పళ్ల పట్టీ తిరిగే బ్యాండ్ రంపం వాడతాడు, నెమ్మదిగా తోస్తాడు. ముందు గొట్టాన్ని ఫ్రేమ్‌కు బిగించిన మేకును పోటుతో కొట్టి, గొట్టాన్ని బయటికి లాగుతాడు. తర్వాత ఫ్రేమ్‌ను మూడుచోట్ల అడ్డంగా కోస్తాడు: గొట్టం కూర్చున్న చోట, ట్రిగ్గర్ మేకు మీదుగా, పిడి మధ్యలో. గొట్టాన్ని ఫ్రేమ్‌కు బిగించిన మేకును పోటుతో కొట్టి, గొట్టాన్ని బయటికి లాగుతాడు. పది నిమిషాల పని. తుపాకుల మీద అజమాయిషీ చేసే సమాఖ్య సంస్థ ఏటీఎఫ్ తుపాకీ నాశనమైందని ఒప్పుకునే పద్ధతుల్లో పూర్తిగా కరిగించడం ఒకటి. టార్చితో కోస్తే ప్రతి కోతలోనూ పావు అంగుళం లోహం ఎగిరిపోవాలన్నది మరో నియమం. జమాక్‌కు కరిగించడమే సులువు, అనుమానానికి తావుండదు.

కరిగించడం ఆరుబయట, గాలి వీపు వైపు నుంచి వీచేలా నిలబడి చేస్తారు. దళసరి ఇనుప గిన్నె, కింద ప్రొపేన్ గ్యాసు మంట. ముక్కలను ముందు మంట పక్కన పెట్టి పూర్తిగా ఆరబెడతారు. కరిగిన లోహంలో ఒక్క నీటిబొట్టు పడినా ఆవిరై లోహాన్ని మొహం మీదికి చిమ్ముతుంది. గిన్నె 420 డిగ్రీలకు చేరాక ముక్కలు కుంగి, అంచులు జారి, పదిహేను నిమిషాల్లో వెండిరంగు మడుగవుతాయి. పైన తేలే తెట్టును, దాంతోపాటు క్రోమ్ పూత పొరను గరిటెతో తీసేస్తారు. అడుగున మిగిలిన ఉక్కు మేకులు జింకు కంటే బరువైనవి కాబట్టి కిందికి దిగి ఉంటాయి, వాటిని పటకారుతో ఏరేస్తారు. లోహాన్ని ఇనుప అచ్చులో పోస్తే సీరియల్ నంబరు అనేది ఇక ఎక్కడా లేని చిన్న దిమ్మె వస్తుంది. పాతసామాన్ల కొట్టులో దాని విలువ మహా అయితే డాలరు.

ఇప్పుడు గొట్టం. దాని ఉక్కు రకం ఎక్కడా రాసి ఉండదు కాబట్టి సానరాయికి తాకించి నిప్పురవ్వలు చూస్తారు. రవ్వలు చివర్లో చిట్లి పూలు విచ్చితే కార్బన్ ఉన్నట్టు, అంటే పదును నిలుస్తుందన్నమాట. పొడవాటి గీతల్లా పోతే మెత్తని ఉక్కు. పై పూతను సానతో పూర్తిగా గీకేసి, గొట్టంలోని మసిని బ్రష్‌తో తోస్తారు. తూటా కూర్చునే వెనక భాగం సుమారు 16 మిల్లీమీటర్లు, దాన్ని గొట్టంగానే ఉంచేస్తారు. ముందు భాగాన్ని మాత్రం పొడవునా రంపంతో ఒక పక్క చీలుస్తారు.

కొలిమిలో ప్రొపేన్ మంట హోరుమంటుంది. ఇంత చిన్న ముక్క మూడు నిమిషాల్లో నారింజరంగుకు, అంటే 1050 డిగ్రీల దగ్గరకు వస్తుంది. పటకారుతో పట్టి దాగలి మీద పెట్టి, శానం మొనను చీలికలోకి దించి కొట్టగానే గొట్టం పక్కలు విచ్చుకుంటాయి. విచ్చుకున్న లోపలిముఖం మీద మెలిక గాళ్లు కనిపిస్తాయి, తూటాను గిరగిరా తిప్పడానికి కోసిన గాళ్లవి. రెండో కాకకు రేకు చదునవుతుంది, మూడో కాకకు ఆ గాళ్లు సుత్తి దెబ్బల కింద కలిసిపోతాయి. ముక్క చిన్నది కాబట్టి వేడి వెంటనే జారిపోతుంది. ఒక్కో కాకకు ఎనిమిది, పది దెబ్బలకు మించి పడవు. ఎరుపు నల్లబడ్డాక కొడితే ఉక్కు చిట్లుతుంది, అందుకే రంగు చూసి చెయ్యి ఆపడమే ఈ దశలో అసలు విద్య. ఆరేడు కాకల్లో, ముప్పావుగంటలో, చివర సన్నగా మధ్య వెడల్పుగా రావాకు ఆకారం వస్తుంది. వెడల్పు రెండు వేళ్లు. కుండీల్లో కలుపు తీయడానికి అంతే చాలు.

కాడ కోసం 6 మిల్లీమీటర్ల ఉక్కు కమ్మీ తీసుకుంటారు. గొట్టంగా వదిలేసిన భాగంలోకి, తూటా కూర్చున్న గదిలోకే, ఆ కమ్మీని దించి చుట్టూ వెల్డింగు చేస్తారు. కమ్మీ రెండో కొసను పిడిలోకి దిగేలా మొనతేలుస్తారు.

ఆకారం కుదిరాక పదును పెట్టడం. రేకును మళ్లీ వేడిచేస్తూ అయస్కాంతం తాకిస్తూ ఉంటారు. 770 డిగ్రీల దగ్గర ఉక్కు అయస్కాంతాన్ని మరిచిపోతుంది. అక్కణ్ణుంచి ఇంకొంచెం, చెర్రీ ఎరుపు దాకా రానిచ్చి నూనెలో ముంచుతారు. బయటికి తీసి ఆకురాయి గీస్తే జారిపోవాలి. జారకుండా కొరికితే ఆ ఉక్కు గట్టిపడే రకం కాదని అర్థం, దాంతో మన్ను పని మాత్రం హాయిగా చేసుకోవచ్చు. గట్టిపడిన రేకు గాజులా పెళుసుగా ఉంటుంది కాబట్టి 250 డిగ్రీల ఓవెన్‌లో గంటసేపు ఉంచి ఆ పెళుసు దించుతారు. అంచుల్ని ఆకురాయితో సన్నబరుస్తారు. రాయి తగిలితే సొట్టపోని మందం ఉంచుతారు. యాష్ కర్రతో పిడి చెక్కి, కమ్మీకి కొంచెం తక్కువ రంధ్రం తొలిచి బిగగొట్టి, అవిసె నూనె రెండు పూతలు పట్టిస్తారు.

లెక్క ఇలా తేలుతుంది. కమ్మరి పని మూడు గంటలు. గ్యాసు, కమ్మీ, కర్ర, నూనె కలిపి 20 డాలర్ల లోపు. అమ్మితే వచ్చే వంద డాలర్లు యజమాని వదులుకున్నాడు. బదులుగా ఆయన చేతికి సీరియల్ నంబరున్న ఫొటో, దాని పక్కనే జింకు దిమ్మె ఫొటో, ఒక బొరిగె వస్తాయి. ఫొటోలను దస్తావేజుల్లో దాచుకోవడం మంచిది, ఎప్పుడైనా ఆ నంబరు గురించి ఎవరైనా అడిగితే సమాధానం అక్కడుంటుంది. బొరిగెను వాడిన ప్రతిసారీ మట్టి తుడిచి నూనె రాస్తే అది యజమాని పిల్లల కాలం దాకా పనిచేస్తుంది. అమ్మిన తుపాకీ విషయంలో ఇంత ఖచ్చితంగా ఎవరూ చెప్పలేరు.