గింజ పారబోయకు

గుడివాడ,
ఫిబ్రవరి 9

చిట్టితల్లికి పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి అరగంటసేపు నీ గురించే చెప్పింది. చిక్కిపోయావట. దువ్వెన పెడితే జుట్టు చేతికొస్తోందట. రాత్రిళ్ళు ఏం తింటున్నావే అంటే "సూప్ తాగుతున్నాగా" అంటున్నావట. ఆ సూప్ ఏమిటో నాకు తెలుసు. పండక్కి వచ్చినప్పుడు నువ్వే చెప్పావు కదా, నాలుగు టమాటాలు ఉడికించి, మిక్సీ వేసి, వడగట్టి, మిరియాలపొడి చల్లుకుంటానని. తొమ్మిదిన్నరయ్యేసరికి మళ్ళీ ఆకలేస్తుందనీ, అప్పుడు బిస్కెట్లు తింటాననీ కూడా చెప్పావు.

సంక్రాంతికి నేను తోడుపెట్టిన పెరుగు గిన్నె నువ్వు పక్కకి జరిపినప్పుడు మనసు కష్టపెట్టుకున్నాను. అది నీకూ తెలిసే ఉంటుంది. ఆ రాత్రి పెరట్లో కూర్చుని నువ్వు దూడల గురించి చెప్పిన మాటలు తర్వాత చాలా రోజులు నన్ను వదల్లేదు. పాడి ఉన్న ఇంట్లో పుట్టినదాన్ని. తల్లి పొదుగు దగ్గర్నుంచి దూడని లాగి కట్టేసిన చేతులే ఇవి. నీ బాధ నాకు అర్థం కాకపోలేదు. పాలూ పెరుగూ నెయ్యీ మానేశానంటే మానెయ్, నేను ఇంక వాదించను. కానీ తల్లీ, అవి తీసేసిన చోట నువ్వు ఏం పెట్టావు? ఏమీ పెట్టలేదు, ఖాళీగా వదిలేశావు. నీ ఒంటికొచ్చిన పోషణ లోటు అదే.

నువ్వుండే హైదరాబాద్‌లోనే, తార్నాకలో, జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా. పెద్దవాళ్ళకి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలని లెక్క కట్టింది వాళ్ళే. 55 కిలోల పిల్లకి సుమారు 46 గ్రాములు. నీ నాలుగు టమాటాలూ కలిపి తూచితే పావుకిలోనో, ఇంకాస్త ఎక్కువో ఉంటాయి. అందులో దొరికేది మూడు గ్రాములు దాటదు. పైగా వడగడుతున్నావు, ఉన్న కాస్త పీచూ వడపోతలోనే ఆగిపోతోంది. రంగునీళ్ళు తాగి పడుకుంటే ఆకలెయ్యక ఏం చేస్తుంది?

ఈ పొరపాటు నేనూ చేశాను. నీ పుట్టుకకి ముందు సంగతి. మీ పెదనాన్నకి టైఫాయిడ్ వచ్చి తగ్గాక పదిహేను రోజులు కందిపప్పు ఉడకేసి, పైన తేరిన కట్టు మాత్రం వార్చి, చారు పెట్టి ఇచ్చాను. పప్పు బరువు చేస్తుందనీ, సారమంతా నీళ్ళలోకి దిగుతుందనీ మా అత్తగారూ నేనూ గట్టిగా నమ్మాం. మనిషి లేచి నడవలేకపోతున్నాడు. ఆసుపత్రికి మళ్ళీ తీసుకెళ్తే అక్కడ ఆహారం సంగతి చెప్పే అమ్మాయి అంతా విని, "అమ్మా, బలం గిన్నె అడుగున ఉంది, మీరు పైది పోస్తున్నారు" అంది. నీళ్ళలోకి దిగేది కొంతే, ప్రోటీన్‌లో ఎక్కువ భాగం గింజలోనే ఉండిపోతుందట. మెత్తగా ఉడికిన పప్పుని ఎనిపి అదే చారులో కలిపి ఇమ్మంది. వారం తిరక్కుండానే ఆయన వీధి అరుగు మీదకొచ్చి కూర్చున్నారు. ఆ పదిహేను రోజులూ పప్పు ముద్ద ఆయనకి అందలేదని తలుచుకుంటే ఇప్పటికీ గుండెలో కలుక్కుమంటుంది.

ఉలవచారు కథ కూడా ఇంతే. మన కృష్ణా జిల్లా వాళ్ళం ఆ చారు గురించి ఎంతో గొప్పగా చెప్పుకుంటాం. అది పుట్టింది ఎద్దుల దాణా కుండలో. అరక కట్టే ఎద్దుకి బలం రావాలని ఉలవలు ఉడకేసేవాళ్ళు. గింజ ఎద్దుకి వెళ్ళేది, వార్చిన నీళ్ళు ఇంట్లోకి వచ్చి, చింతపండు పులుసుతో గంటల తరబడి మరిగి చారయ్యేవి. పిల్లలం అడిగితే అమ్మమ్మ ఓ గుప్పెడు గింజ తీసి ఉప్పేసి గుగ్గిళ్ళుగా పెట్టేది. ఇప్పుడు ఎద్దులు లేవు. అయినా చాలా ఇళ్ళల్లో గింజని వడగట్టి పారేస్తున్నారు. నూరు గ్రాముల ఉలవల్లో 22 గ్రాముల దాకా ప్రోటీన్ ఉంటుంది, ఇనుమూ కాల్షియమూ అదనం. ఆ గింజని వదిలేసి నీళ్ళకి మీగడ కలిపి పెళ్ళి భోజనాల్లో వడ్డిస్తున్నారు. నువ్వు మీగడ వెయ్యవు కాబట్టి నీకు గింజ కావాలి.

అందుకే ముందు ఉలవలతోనే మొదలుపెట్టు. పూటకి 60 గ్రాములు, రెండు పూటలకి 120. తూకం లేకపోతే ఒక్కో పూటకి ఒక గుప్పెడు నిండుగా అనుకో. రాళ్ళు ఏరి, గాలించి, రాత్రి నానబెట్టు. పొద్దున ఆ నీళ్ళు వంపేసి కొత్త నీళ్ళు పోసి కుక్కర్‌లో పది విజిల్స్ రానీ. ఉలవ మొండిది, కందిపప్పులా మూడు విజిల్స్‌కి లొంగదు. గింజ తీసి రెండు వేళ్ళతో నలిపితే పిండిలా చిదిగిపోవాలి, తొక్క ఒక్కటే వేలికి తగలాలి. చల్లారాక గింజని మూడు వంతులు చేసి, రెండు వంతులు ఉడికిన నీళ్ళతోనే మిక్సీలో మెత్తగా తిప్పు. వేడిగా ఉండగా తిప్పకు, ఆవిరికి మూత ఎగిరి చేతులు కాలతాయి. మూడో వంతు గింజగానే ఉంచు. నమలడానికి ఏదో ఒకటి ఉండాలి, ఊరికే తాగేస్తే పొట్ట నిండినా మనసుకి అన్నం తిన్నట్టు ఉండదు.

పోపుకి నువ్వులనూనె. ఆవాలు, జీలకర్ర, చితక్కొట్టిన వెల్లుల్లి నాలుగు రెబ్బలు, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువ. సన్నగా తరిగిన ఉల్లిపాయ ఎర్రగా వేగాక ఉలవల ముద్ద పోసి, ఉసిరికాయంత చింతపండు పులుసు, ఉప్పు, పసుపు, చిటికెడు బెల్లం వేసి సన్నసెగ మీద ఇరవై నిమిషాలు మరగనీ. అడుగంటుతుంది, కలుపుతూ ఉండు. దింపేముందు, వేయించిన నువ్వులు రెండు చెంచాలు నూరి ఆ ముద్ద కలుపు. మీగడ ఇచ్చే నునుపు అదే ఇస్తుంది, కాల్షియం కూడా దొరుకుతుంది. కొబ్బరిపాలు పొయ్యొచ్చు కదా అంటావేమో. రుచికి పోసుకో, కానీ ప్రోటీన్ లెక్కలో మాత్రం రాసుకోకు, అందులో ఉండేది కొవ్వే. రెండోరోజుకి ఈ సూప్ ఇంకా బాగుంటుంది. ఫ్రిజ్‌లో గట్టిపడుతుంది, వేణ్ణీళ్ళు కలిపి మరగకాచుకో.

గింజలు ఎంతసేపు ఉడికినా ఉడకడం లేదని ఒకసారి చెప్పావు. మీ అపార్ట్‌మెంట్‌లో వచ్చేది బోరు నీళ్ళు కదా, అదీ కారణం. నీళ్ళలో కాల్షియం ఎక్కువైతే గింజ తొక్క బిర్రుగా పట్టేస్తుంది. తాగే నీళ్ళతో నానబెట్టు, వాటితోనే ఉడికించు. చింతపండు, టమాటా, నిమ్మకాయ లాంటి పులుపు ఏదైనా గింజ పూర్తిగా ఉడికాకే పడాలి. ముందే వేస్తే గంటైనా గట్టిగానే ఉంటుంది. త్వరగా ఉడుకుతాయని వంటసోడా వేస్తారు కొందరు. నువ్వు వెయ్యకు, దానివల్ల బి1 విటమిన్ పోతుంది. నానబెట్టే నీళ్ళలో ఒక చెంచా ఉప్పు వెయ్, అది చాలు.

ఆఫీసునుంచి ఎనిమిదింటికొచ్చి ఉలవలు ఉడికించలేవు, అది నాకు తెలియనిది కాదు. ఆదివారం ఉలవలూ శనగలూ బొబ్బర్లూ విడివిడిగా ఉడికించి డబ్బాల్లో పోసి డీప్ ఫ్రీజర్‌లో పెట్టుకో. అదీ కుదరని రోజుకి ఎర్రపప్పు ఉంది, మసూరుపప్పు అంటారే అది. నానబెట్టక్కర్లేదు, పావుగంటలో కరిగిపోతుంది. గుప్పెడు పప్పుతో పాటు సొరకాయ ముక్కలు వేసి, రెండు చెంచాల జొన్నరవ్వ కూడా వెయ్. పప్పు మెత్తబడ్డాక ఒక టమాటా, పిడికెడు మునగాకో పాలకూరో. కాసేపాగి మిరియాలు, ఉప్పు. పొయ్యి ఆపేశాక నిమ్మరసం పిండు. నిమ్మకాయ రుచికి మాత్రమే అనుకోకు, పప్పులోనూ ఆకులోనూ ఉన్న ఇనుము ఒంటికి పట్టాలంటే ఆ సి విటమిన్ కావాలి. భోజనం కాగానే టీ తాగే అలవాటు మీ అమ్మనుంచి నీకొచ్చింది. గంట ఆగి తాగు, లేకపోతే టీ ఆ ఇనుముని పట్టుకుని ఒంటికి అందనివ్వదు.

జొన్నరవ్వ ఎందుకంటే, పప్పులో తక్కువపడేది ధాన్యంలో ఉంటుంది, ధాన్యంలో తక్కువపడే లైసిన్ పప్పులో ఉంటుంది. జొన్నలు లేకపోతే కొర్రలు, అవీ లేకపోతే మిగిలిన అన్నం వేసి మరిగించు. ఒకే గిన్నెలో కలవాలని కూడా లేదు, రోజు మొత్తంలో రెండూ కడుపులో పడితే చాలు. పల్లీలు వేయించి పొట్టు తీసి బరకగా దంచి సీసాలో పెట్టుకో. ఏ సూప్‌లో అయినా రెండు చెంచాలు కలిపావంటే చిక్కదనం, కమ్మదనం, ప్రోటీన్ అన్నీ వస్తాయి. నా వంటింట్లో ఈ సీసా ఎప్పుడూ ఖాళీ అవదు.

మీల్‌మేకర్ నీకు నచ్చదన్నావు. సరిగ్గా చేయకపోతే ఎవరికీ నచ్చదు. ఉప్పునీళ్ళలో పది నిమిషాలు ఉడికించి, చల్లార్చి, రెండు అరచేతుల మధ్య గట్టిగా పిండి ఆ నీళ్ళు పారబోయాలి. ఇక్కడ మాత్రం నీళ్ళు పారబోయాలి, పచ్చివాసన అందులోనే ఉంటుంది. తర్వాత చిన్న ముక్కలు చేసి, అల్లం వెల్లుల్లి, ధనియాలపొడితో వేయించి సూప్‌లో వెయ్. నూరు గ్రాములకి 50 దాటే ప్రోటీన్ ఉన్న తిండి, గుప్పెడు చాలు. టోఫు సులువు. ముక్కలు కోసి పెనం మీద ఎర్రగా కాల్చి, పెసరపప్పు సూప్ మీద వేసుకో.

నీ గదిలో పిల్ల ఎలక్ట్రిక్ స్లో కుక్కర్ కొందన్నావు. ఇది మాత్రం శ్రద్ధగా విను. రాజ్మా గింజలు పచ్చివి అందులో వెయ్యకండి. రాజ్మాలో ఒక విషపదార్థం ఉంటుంది. కళపెళా మరిగితేనే అది పోతుంది, సన్నటి వేడిలో పోదు. నానబెట్టి, నీళ్ళు మార్చి, పొయ్యి మీద కనీసం పది నిమిషాలు పొంగులు వచ్చేలా మరగాలి. మామూలు ప్రెషర్ కుక్కర్ అయితే భయం లేదు. సగం ఉడికిన రాజ్మా తిని రాత్రంతా వాంతులు చేసుకున్న మనుషుల్ని చూశాను, అందుకే ఇంతగా చెబుతున్నాను.

ఇన్ని గింజలు ఒక్కసారిగా మొదలుపెడితే కడుపు ఉబ్బరం చేస్తుంది. పైన చెప్పిన కొలత కాకుండా మొదటి వారం రోజుకి అరగుప్పెడే, తర్వాత పెంచు. వాము, జీలకర్ర, ఇంగువ మర్చిపోకు. పదిహేను రోజుల్లో కడుపే అలవాటుపడుతుంది.

ఇంక బి12. సూప్ ఎంత చిక్కగా కాచినా, ఎన్ని ఆకులేసినా, ఇడ్లీపిండి ఎంత పులిసినా అది దొరకదు. గుడ్లూ మాంసమూ తినక, పాలు కూడా మానేసినవాళ్ళు మాత్ర వేసుకోవాల్సిందే. జుట్టు ఊడడానికీ, నీరసానికీ అదే కారణమో, ఇనుము లోపమో, థైరాయిడో నేను చెప్పలేను. ఈ వారంలోనే డాక్టర్‌ని కలిసి రక్తపరీక్ష చేయించుకో. బి12, హిమోగ్లోబిన్, థైరాయిడ్ మూడూ చూడమను. రిపోర్టు మీ అమ్మకి పంపేముందు నాకు పంపు. దానికి కంగారెక్కువ, నేను నెమ్మదిగా చెబుతాను.

బయట తినేటప్పుడు ఉలవచారు కనిపిస్తే సంబరపడి తినెయ్యకు, వెన్నో మీగడో ఉంటుంది, అడిగి తిను. ప్యాకెట్ సూప్ పొడుల్లో కూడా పాలపొడి కలుపుతారు, అట్ట వెనక చదువు. ఎలాగూ వాటిలో ఉండేది చాలావరకు మొక్కజొన్న పిండీ, ఉప్పూ, నువ్వు వాటి జోలికి పోకపోతేనే నాకు సంతోషం.

ఉగాదికి వస్తావు కదా. పచ్చడి తర్వాత నీకోసం బొబ్బట్లు నూనెతోనే చేస్తాను. మీ పెదనాన్న అప్పుడే నువ్వులనూనె తెమ్మని గానుగవాడికి చెప్పొచ్చారు.

రేపు సాయంత్రం బస్సులో మూట వేస్తున్నాను, ఎల్లుండి పొద్దున తీసుకో. రెండు కిలోల ఉలవలు, కిలో బొబ్బర్లు, అరకిలో వేయించిన నువ్వులు, జొన్నరవ్వ, ఒక సీసా పల్లీపొడి ఉన్నాయి. ఉలవలు చాటలో రెండుసార్లు చెరిగాను. కానీ ఈ మధ్య నాకు చూపు ఆనడం లేదు, ఒకటీ అరా రాయి మిగిలి ఉండొచ్చు. లైటు కింద పళ్ళెంలో పోసి చూసి, గాలించి మరీ నానెయ్యి.

ఇట్లు,
నీ పెద్దమ్మ