ఉప్పునీటిని మంచినీరు చేసే పొర: తామరాకుకి, కుంకుడు రసానికి ఉన్న సంబంధం

ఉప్పు బోరు నీటిని ఎండ వేడితో మంచినీరుగా మార్చే 'మెంబ్రేన్ డిస్టిలేషన్' పద్ధతిని పై వీడియోలో చూశారు కదా. అందులో గబగబా చెప్పేసిన లెక్కల్ని ఇక్కడ నిదానంగా రాస్తున్నాను. సముద్ర తీరంలో భూములున్నవాళ్లు ఇలాంటి ప్లాంటుకి అడ్వాన్స్ ఇచ్చే ముందు ఒకసారి చదవండి.

ఆర్.ఓ.లో నీటినే ప్రెషర్ పెట్టి పొరలోంచి తోస్తాం. ఇక్కడ అలా కాదు. పొరకి ఒక పక్క 50–70 డిగ్రీల వేడి ఉప్పునీరు, రెండో పక్క చల్లనీరు పారుతుంటాయి. పొరకి కంటికి కనపడని రంధ్రాలుంటాయి, మామూలుగా 0.2 నుంచి 0.5 మైక్రాన్లు. ఈ పొర నీటిని అంటనివ్వదు, అందుకే నీరు రంధ్రంలో దూరదు. ఆవిరి మాత్రం దూరుతుంది, అవతల చల్లబడి నీరవుతుంది. ఉప్పు ఆవిరి కాదు కాబట్టి ఇవతలే ఉండిపోతుంది. ఇదేమీ కొత్త ఆలోచన కాదు, 1963లోనే అమెరికాలో పేటెంట్‌కి దరఖాస్తు పడింది. పొరని పి.టి.ఎఫ్.ఇ. (నాన్‌స్టిక్ పెనానికి పూసేదే), పి.వి.డి.ఎఫ్., పాలీప్రొపిలీన్ లాంటి ప్లాస్టిక్‌లతో చేస్తారు.

మరి ఇన్నేళ్లయినా ఊళ్లలోకి ఎందుకు రాలేదు? ఒక కారణం మన చేతుల్లోనే ఉంది చూడండి. చేమాకు మీద, తామరాకు మీద నీటిబొట్టు నిలవదు. ఆకు మీద మైనం, దాంతోపాటు సన్నటి బొడిపెలు ఉంటాయి, వాటి మధ్య గాలి ఉంటుంది. అందుకే వేపనూనె కొట్టేటప్పుడు కుంకుడు రసం కలుపుతాం. అది నీటి బిగువు తగ్గిస్తుంది, మందు ఆకంతా పరుచుకుంటుంది. మనకి మేలు చేసే ఆ గుణమే పొరకి శత్రువు. నీటిలో సబ్బు, నూనె, కుళ్లిన పదార్థం ఉంటే రంధ్రాలు తడిసిపోతాయి. తడిసిన రంధ్రంలోంచి ఉప్పునీరే నేరుగా అవతలకి పోతుంది. సున్నం, జిప్సం పేరుకున్నా అంతే.

అందుకే పరిశోధకులు తామరాకునే కాపీ కొడుతున్నారు. పొర మీద సిలికా నానో రేణువులు అతికించి బొడిపెలు తెస్తున్నారు, పైన ఫ్లోరిన్ పూత వేసి నూనె కూడా అంటకుండా చేస్తున్నారు. ఇంకో దారిలో, ఉప్పునీటి వైపు నీటిని ఇష్టపడే పల్చని పొర వేస్తారు. అది నీటిని పట్టుకుని నూనెని దగ్గరికి రానివ్వదు. మందం దగ్గరా చిక్కే. పొర మందమైతే ఆవిరి నెమ్మదిస్తుంది, మరీ పల్చనైతే వేడి ఊరికే అవతలికి పోతుంది. నాకు నచ్చనిది ఫ్లోరిన్ పూత. ఆ రసాయనాలు మట్టిలో ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతాయి. రసాయనం మానేసిన మనం దాన్ని పొలం గట్టుకి తెచ్చుకోవడం ఎందుకు? ఫ్లోరిన్ లేని పూతలు, పాలీప్రొపిలీన్ పొరలు బాగుపడితే అప్పుడు చూద్దాం.

ఇక అసలు లెక్క. లీటరు నీరు ఆవిరి కావాలంటే సుమారు 0.65 యూనిట్ వేడి కావాలి. చదరపు మీటరుకి రోజుకి 5.5 యూనిట్ల ఎండ, అందులో సగం పట్టుకున్నామనుకుంటే వచ్చేది 4 లీటర్లు. ఎకరాకి 200 లీటర్ల జీవామృతం కలుపుకోవాలంటే దాదాపు 50 చదరపు మీటర్ల కలెక్టర్లు. అదే ఎకరాకి ఒక అంగుళం తడి అంటే లక్ష లీటర్ల పైమాట. ఒక్క రోజులో ఇవ్వాలంటే ఆరెకరాల కలెక్టర్లు పరవాలి! ఆవిరి వదిలే వేడిని మళ్లీ వాడుకుంటే ఇది కొన్ని రెట్లు తగ్గుతుంది, అయినా పంటకి తడి పెట్టే మాట కాదు. సముద్రపు నీటికే ఆర్.ఓ. వెయ్యి లీటర్లకి 3–4 యూనిట్ల కరెంటుతో సరిపెడుతుంది. ఈ పద్ధతి పనికొచ్చేది ఆర్.ఓ. కూడా చేతులెత్తేసే చిక్కటి ఉప్పునీటికి, లేదా వేడి ఊరికే పోతున్న ఫ్యాక్టరీల్లో.

ప్లాంటు అమ్మేవాళ్లని రెండు అడగండి: ఆరు నెలల తర్వాత అవతలి నీటి ఈ.సి. ఎంత? మిగిలిన చిక్కటి ఉప్పునీరు ఎక్కడ పోయాలి? రెండోదానికి 'కాలవలోకి' అన్నారంటే అక్కడితో మాట ఆపేయండి. ఆ కాలవ నీళ్లే కింది రైతు పొలానికి వెళ్తాయి.

తీరపు ఇసక నేలల్లో వాన నీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది, మన పెద్దలు దొరువు తవ్వి ఆ పైనీరే తోడుకునేవారు. బాపట్లలోని ఉప్పునీటి పరిశోధన కేంద్రం వాళ్లు దాన్నే మెరుగుపరిచారు. తక్కువ లోతులో చిల్లుల పైపులు అడ్డంగా పరిచి, పైపైన ఉన్న మంచినీటిని ఒక బావిలోకి చేరుస్తారు. మోటారు గట్టిగా లాగితే కింది ఉప్పు పైకొస్తుంది, అందుకని నిదానంగా తోడాలి. వచ్చే వీడియో దాని మీదే.