వెతికితే దొరకాలంటే

మన హాస్టల్ పాత సంచికలను కంప్యూటర్లోకి ఎక్కించాక, సెర్చ్‌లో ‘ఫ్లోరైడ్’ అని కొట్టి చూశాం. ఒక్క వ్యాసమూ రాలేదు. నల్లగొండ పిల్లలు రాసిన సంచికల్లో ఆ గోస లేకుండా ఉంటుందా? పేజీలు తిరగేస్తే దొరికింది. మన సీనియర్లు ‘ఫ్లోరిన్ నీళ్లు’ అని రాశారు. ఊళ్లల్లో అందరం అనే మాట అదే కదా!

కంప్యూటర్‌కు మాట అర్థం తెలియదు. అక్షరాల వరుసను మాత్రమే పోల్చి చూస్తుంది. దానికి నల్గొండ వేరు, నల్లగొండ వేరు. పాలమూరన్నా మహబూబ్‌నగరన్నా ఒకటేనని మనమే పట్టిక రాసి ఇవ్వాలి. ‘ఊరు’ అని వెతికితే ‘ఊళ్లో’ రాదు, ‘ఇల్లు’ అంటే ‘ఇంట్లో’ రాదు. ఆ రూపాలూ పట్టికలో ఉండాలి.

మహబూబ్‌నగర్‌తో ఇంకో చిక్కు. ‘బ్’ కింద న-వత్తు పడకుండా కంటికి కనబడని గుర్తు ఒకటి కొడతాం. యూనికోడ్‌లో దాని సంఖ్య 200సి. కొందరు అది కొడతారు, కొందరు ఖాళీ వదులుతారు. పోల్చే ముందు ఆ గుర్తునూ, ఆ ఖాళీనీ రెండు వైపులా తీసేయాలి.

అన్నిటికన్నా పెద్ద పని పాత డీటీపీ ఫైళ్లది. 1991లోనే తెలుగు యూనికోడ్‌లో చేరినా, అచ్చుపని చాలాకాలం అను వంటి ఫాంట్లతోనే నడిచింది. తెరమీద తెలుగే, లోపల మాత్రం ఇంగ్లిషు అక్షరాల సంకేతాలు. వాటిని మార్చనిదే ఏ సెర్చూ పనిచేయదు.

మీ ఊరి పేరును ఎన్ని తీర్ల రాస్తారో చీటీ మీద రాసి లైబ్రరీలో ఇవ్వండి.