కోసేసిన నాలుగు సెకన్లు: శబ్దంతో కథ చెప్పడానికి ఐదు అభ్యాసాలు

విశాఖపట్నం నుంచి కిరండూల్ వెళ్లే రైలు అరకు లోయలోని సొరంగాలన్నీ దాటి, ఒడిశాలోని కోరాపుట్ మీదుగా జగదల్‌పూర్ చేరుతుంది. బస్తర్ జిల్లా కేంద్రమైన ఈ ఊరి బజారులో తెలుగు మాట వినబడడం కొత్తేమీ కాదు. హల్బీ, గోండీ, హిందీ, ఒడియా కూడా అదే వీధిలో వినిపిస్తాయి. చిన్న రికార్డరు, ఒక జత హెడ్‌ఫోన్లు పట్టుకుని నేను అక్కడ దిగింది శబ్దంతో కథ చెప్పడం నేర్చుకుందామని.

ఇందుకు బస్తరే ఎందుకు? గోండీ మన తెలుగుకు దగ్గరి బంధువైన ద్రావిడ భాష. 2011 జనాభా లెక్కల ప్రకారం దాన్ని మాతృభాషగా చెప్పుకున్నవారు 29 లక్షలకు పైనే. కానీ ఆ భాషలో పత్రికలు, పుస్తకాలు చాలా తక్కువ. అక్కడ వార్త అయినా, ఫిర్యాదు అయినా, పాట అయినా ముందు గొంతులోనే పుడుతుంది. ఈ సంగతి గమనించిన జర్నలిస్టు శుభ్రాంశు చౌధరి 2010లో ఛత్తీస్‌గఢ్‌లో 'సీజీనెట్ స్వర' మొదలుపెట్టారు. మామూలు ఫోను నుంచి కాల్ చేసి మన మాట రికార్డు చేయవచ్చు, ఇతరులు చెప్పింది వినవచ్చు. చదువు, కంప్యూటరు, ఇంటర్నెట్ అక్కర్లేదు. వచ్చిన మాటలను కొందరు విని, సరిచూసి, అందరికీ వినిపించేలా పెడతారు. మన జహీరాబాద్ ప్రాంతంలో 2008లో మొదలైన సంగం రేడియోలో కూడా పల్లె మహిళలే మైకు పట్టుకున్నారు, వాళ్లే ఎడిటింగ్ నేర్చుకున్నారు.

అంటే ఇది స్టూడియో వాళ్లకు మాత్రమే చెందిన విద్య కాదు. మీ దగ్గర స్మార్ట్‌ఫోను, హెడ్‌ఫోన్లు, ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేరు ఉంటే చాలు. కింది ఐదు అభ్యాసాలూ ఇంట్లోనే చేయవచ్చు. ప్రతి అభ్యాసం వెనుక కొంత భౌతికశాస్త్రం ఉంది. అది తెలిస్తే ఎడిటింగ్ సులువవుతుంది.

అభ్యాసం 1: పేరు చెప్పకుండా వినిపించండి

జగదల్‌పూర్‌కు సుమారు 40 కిలోమీటర్ల దూరంలో చిత్రకోట్ దగ్గర ఇంద్రావతి నది దాదాపు 29 మీటర్ల ఎత్తు నుంచి కిందికి దూకుతుంది. ఆ హోరును రెండు నిమిషాలు రికార్డు చేసుకుని, ఇంటికి వచ్చాక ఏమీ చెప్పకుండా నలుగురికి వినిపించాను. ఒకరు 'వాన' అన్నారు. ఇంకొకరు 'రేడియోలో స్టేషను దొరకనప్పటి గరగర' అన్నారు. జలపాతం అని ఒక్కరూ అనలేదు.

తప్పు వాళ్లది కాదు. నీటి చప్పుడులో చాలా భాగం నీటిలో చిక్కుకున్న గాలి బుడగల కంపనం వల్ల వస్తుంది. డచ్ ఖగోళ శాస్త్రవేత్త మార్సెల్ మిన్నార్ట్ 1933లో దీనికి సూత్రం ఇచ్చారు. బుడగ ఎంత చిన్నదైతే స్వరం అంత హెచ్చు. 3 మిల్లీమీటర్ల వ్యాసార్ధం ఉన్న బుడగ సెకనుకు వెయ్యి సార్లకు కాస్త పైగా కంపిస్తుంది. జలపాతం అడుగున లెక్కలేనన్ని బుడగలు, ఎన్నో పరిమాణాల్లో ఒకేసారి మోగుతాయి. అన్ని పౌనఃపున్యాలూ కలిసిపోయి చివరికి ఒక హోరు మిగులుతుంది. రేకుల మీద వాన, పెనం మీద నూనె, స్టేషను లేని రేడియో, ఇవన్నీ దాదాపు ఇదే కుటుంబం. కంటికి జలపాతం ఎంత గొప్పగా కనిపించినా చెవికి ఆ సంగతి తెలియదు.

మీరు చేయవలసింది ఇది. కుళాయి నీళ్లు, పెనం మీద కాగుతున్న నూనె, వాన, ఈ మూడింటినీ 15 సెకన్ల చొప్పున రికార్డు చేయండి. ఐదుగురికి వినిపించి, ఎవరు ఏమన్నారో రాసుకోండి. తరువాత నూనె చప్పుడుకు ముందు గరిటె పెనానికి తగిలిన శబ్దం ఒక్కటి చేర్చి, కొత్తగా ఐదుగురికి వినిపించండి. జవాబులు ఎలా మారాయో చూడండి. చిత్రకోట్ రికార్డింగుకు ముందు నేను పడవ తెడ్డు నీటిని తాకే చప్పుడు చేర్చాను. అప్పుడు హోరు జలపాతమైంది.

అభ్యాసం 2: ఒకే మాట, మూడు దూరాలు

బయలు ప్రదేశంలో మైకు నుంచి దూరం రెట్టింపైనప్పుడల్లా ధ్వని స్థాయి 6 డెసిబెల్‌లు తగ్గుతుంది. అలాగని ఎడిటింగులో గొంతును 12 డెసిబెల్‌లు తగ్గించేస్తే మనిషి నాలుగు రెట్లు దూరం జరిగినట్టు వినిపించదు. ఎవరో పక్కనే కూర్చుని గుసగుసలాడినట్టు ఉంటుంది.

ఎందుకంటే గదిలో మన చెవికి రెండు రకాల ధ్వనులు చేరతాయి. ఒకటి నోటి నుంచి నేరుగా వచ్చేది, రెండోది గోడలకు తగిలి తిరిగి వచ్చేది. మనిషి దూరం జరిగితే మొదటిది తగ్గుతుంది, రెండోది పెద్దగా మారదు. ఈ రెండింటి నిష్పత్తిని బట్టే మెదడు దూరాన్ని అంచనా వేస్తుంది.

'సంతకు వెళ్లొస్తా' అనే ఒకే వాక్యాన్ని మైకుకు జానెడు దూరం నుంచి ఒకసారి, గది అవతలి మూల నుంచి ఒకసారి, పక్క గదిలోంచి ఒకసారి చెప్పి రికార్డు చేయండి. మూడింటి స్థాయినీ ఎడిటింగులో సమానం చేసి వరుసగా వినండి. స్థాయి ఒకటే అయినా మనిషి తలుపు దాటి వెళ్లిపోవడం స్పష్టంగా తెలుస్తుంది. కథలో ఒక పాత్రను బయటికి పంపడానికి 'వెళ్లిపోయాడు' అని చెప్పనక్కరలేదు.

ఇక్కడే ఒక హెచ్చరిక. రికార్డు చేసేటప్పుడు స్థాయి గుర్తు ఎర్ర గీతను తాకనివ్వకండి. 16 బిట్ల రికార్డింగులో తరంగం ఎత్తును కొలిచే మెట్లు 65,536 ఉంటాయి. చివరి మెట్టు దాటిన తరంగం తల నరికినట్టు చదునైపోతుంది. చిత్రకోట్‌లో నా మొదటి రికార్డింగు అలాగే పాడైంది. తక్కువ స్థాయిలో వచ్చినదాన్ని తరువాత పెంచుకోవచ్చు. నరికిన తలను మాత్రం ఉన్నదున్నట్టుగా తిరిగి తెచ్చుకోలేం.

అభ్యాసం 3: ఫోను గొంతు

సాధారణ టెలిఫోను లైను 300 నుంచి 3400 హెర్ట్జ్ మధ్య ధ్వనినే మోస్తుంది. ఫోను ద్వారా వచ్చే కథలకు ఇది పుట్టుకతో వచ్చిన పరిమితి. 'స', 'ఫ' వంటి ధ్వనుల శక్తిలో చాలా భాగం 4000 హెర్ట్జ్‌కు పైన ఉంటుంది. అందుకే ఫోనులో ఊరి పేరో, ఇంటి పేరో చెబితే అవతలివాళ్లు రెండుసార్లు అడుగుతారు.

మరి కింది వైపు? మగ గొంతు మూల పౌనఃపున్యం సుమారు 120 హెర్ట్జ్, ఆడ గొంతుది సుమారు 200 హెర్ట్జ్. రెండూ 300 కంటే తక్కువే. అంటే ఫోను ఆ మూల స్వరాన్ని అసలు మోయదు. అయినా మాట్లాడేది ఆడో మగో మనం పోల్చుకుంటున్నాం. 120 మూల స్వరమైతే 360, 480, 600 హెర్ట్జ్ అనుస్వరాలు లైనులో వస్తాయి. వాటి మధ్య ఎడం 120 అని మెదడు పసిగట్టి, రాని స్వరాన్ని తానే పూరించుకుంటుంది.

మీ గొంతును రికార్డు చేసి, ఫిల్టరుతో 300కు కింద, 3400కు పైన ఉన్నదంతా తీసేయండి. అసలు రికార్డింగునూ దీనినీ మార్చి మార్చి వినండి. తరువాత మీరు రాసుకున్న కథలో ఏ మాటలు ఫోనులో అర్థం కాకుండా పోతాయో గుర్తించి, వాటికి బదులు వేరే మాటలు వెతకండి.

అభ్యాసం 4: కోత

రికార్డింగును మధ్యలో కోసి రెండు ముక్కలు అతికిస్తే ఒక్కోసారి 'టిక్' అని వినిపిస్తుంది. తరంగం ఒక ఎత్తు నుంచి మరో ఎత్తుకు ఒక్కసారిగా దూకడమే దానికి కారణం. తరంగం సున్నా గీతను దాటే చోట కోయండి. లేదా అతుకు దగ్గర 10 మిల్లీసెకన్ల పాటు ఒకటి తగ్గుతూ మరొకటి పెరిగేలా కలపండి. మాటలు తీసేసిన చోట శూన్యం ఉంచకండి. ఏ గదికైనా తనదైన నిశ్శబ్దం ఉంటుంది, ఫ్యానో, దూరపు రోడ్డో, పిట్టలో. ఎక్కడ మాట్లాడించినా ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం రికార్డు చేసి దగ్గర ఉంచుకోండి, అతుకులకు పనికొస్తుంది.

ఇదంతా నాకు తెలుసు. అయినా తప్పు చేశాను.

జగదల్‌పూర్ చింతపండు వ్యాపారానికి పేరున్న ఊరు. సంతలో చింతపండు అమ్ముతున్న ఒకామెను ఈ ఏడు ధర ఎలా ఉందని అడిగాను. హల్బీ తెలిసిన ఒక కుర్రాడు తోడుగా ఉండి మాట కలిపాడు. ఆమె తూకం రాళ్లు సర్దుతూ కాసేపు ఊరుకుని, 'బానే ఉంది' అంది. ఆ రాత్రి గదిలో ఎడిట్ చేస్తూ ప్రశ్నకూ జవాబుకూ మధ్య ఉన్న నిశ్శబ్దాన్ని కోసేశాను. అది సరిగ్గా నాలుగు సెకన్లు. కథ చురుగ్గా సాగాలని నా ఉద్దేశం.

మర్నాడు ఆ కుర్రాడికి వినిపించాను. విని తల అడ్డంగా ఊపాడు. 'ఆమె ఇలా అనలేదు సార్' అన్నాడు. మాటలు అవే కదా అన్నాను. 'మాటలు అవే. కానీ మీ దాంట్లో ఆమె సంతోషంగా ఉంది' అన్నాడు.

అసలు రికార్డింగు మళ్లీ విన్నాను. రాళ్ల చప్పుడు, ఒక ఊపిరి, ఆ తరువాత 'బానే ఉంది'. ధర బాగాలేదని, ఆ సంగతి పరాయివాడితో చెప్పి లాభం లేదని ఆ నాలుగు సెకన్లే చెబుతున్నాయి. నేను ఒక్క మాట కూడా మార్చకుండా ఆమె ఫిర్యాదును తృప్తిగా మార్చేశాను.

దీని వెనుక కూడా శాస్త్రం ఉంది. వేర్వేరు ఖండాలకు చెందిన పది భాషల సంభాషణలను పోల్చిన ఒక అధ్యయనం 2009లో వెలువడింది. ప్రశ్నకూ జవాబుకూ మధ్య ఎడం సగటున సెకనులో అయిదో వంతుకు అటూఇటుగా ఉందని అందులో తేలింది. భాషను బట్టి తేడాలున్నా అవి చిన్నవే. కాబట్టి జవాబు ఆలస్యమైతే వినేవాళ్లు దాన్ని కూడా ఒక జవాబుగానే తీసుకుంటారు. నాలుగు సెకన్లంటే ఆ సగటుకు ఇరవై రెట్లు. నేను కోసేసింది ఖాళీని కాదు, ఆమె చెప్పినదాంట్లో సగాన్ని.

మీ అభ్యాసం ఇది. ఇంట్లో పెద్దవాళ్లను ఒకరిని, వాళ్లకు కష్టం తోచే ప్రశ్న ఒకటి అడిగి, అనుమతితో రికార్డు చేయండి. మూడు రూపాలు తయారు చేయండి: ఉన్నది ఉన్నట్టుగా ఒకటి, నిశ్శబ్దాలు తీసేసి ఒకటి, నిశ్శబ్దాన్ని రెట్టింపు చేసి ఒకటి. ఆ మనిషి మనసులో ఏముందని వినేవాళ్లను అడగండి. చివరగా మూడింటినీ మాట్లాడినవాళ్లకే వినిపించి, 'మీరు చెప్పింది ఏది?' అని అడగండి. ఈ ఆఖరి మెట్టును మాత్రం వదలకండి.

అభ్యాసం 5: మాటలు లేని నిమిషం

1948లో పారిస్‌లో పియర్ షెఫర్ అనే రేడియో ఇంజినీరు రైల్వే స్టేషనులో ఇంజన్ల, చక్రాల చప్పుళ్లు రికార్డు చేసి, వాటిని ముక్కలుగా పేర్చి సంగీతంగా వినిపించాడు. అప్పటికి అతని చేతిలో టేపు లేదు, గ్రామఫోను పళ్లేలతోనే చేశాడు. ఈనాడు మన ఫోనులో అంతకంటే మంచి సాధనం ఉంది.

బస్తర్‌లో 'సులూర్' అనే వెదురు పిల్లనగ్రోవి ఉంది. దాన్ని నోటితో ఊదరు, గాలిలో ఊపుతారు. ఊపినప్పుడు గాలి రంధ్రం అంచుకు తగిలి సుడులు తిరుగుతుంది, వెదురు లోపలి గాలి దానికి స్పందించి మోగుతుంది. నారాయణపూర్‌కు చెందిన పండీరామ్ మండావికి 2025లో పద్మశ్రీ ప్రకటించినప్పుడు ఈ వాద్యం పేరు దేశమంతా వినబడింది. చేతి వేగం సెకనుకు 5 మీటర్లయితే, డాప్లర్ ప్రభావం వల్ల మన వైపు వచ్చేటప్పుడు స్వరం సుమారు ఒకటిన్నర శాతం హెచ్చుతుంది, వెనక్కి వెళ్లేటప్పుడు అంతే తగ్గుతుంది. ఆ కొద్దిపాటి ఊగిసలాట కళ్లు మూసుకున్నా చెవికి తెలుస్తుంది.

మీ ఊరిలో ఒక ఉదయాన్ని 60 సెకన్లలో, ఒక్క మాట కూడా లేకుండా చెప్పండి. గరిష్ఠంగా ఆరు శబ్దాలు వాడండి. ఒక్క నియమం: అన్నీ మీ ఊరివే అయి ఉండాలి. ఇంటర్నెట్‌లో దొరికే పిట్ట కూతను తెచ్చి అతికించకండి. జగదల్‌పూర్ దగ్గరి కాంగేర్ లోయలో ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర పక్షి కొండ మైనా ఉంటుంది. దాని బదులు వేరే చోటి మైనాను వినిపిస్తే చాలామందికి తెలియకపోవచ్చు. కానీ రేపు ఆ అడవిలో ఏ పిట్టలు ఉండేవో తెలుసుకోవాలనుకున్నవాళ్లకు మీ రికార్డింగు ఒక సాక్ష్యం. దానిలో అబద్ధం చేరకూడదు.

చివరిగా

నేను తిరిగి వచ్చే రోజున సంతలో ఆమె దగ్గరికి వెళ్లి, నాలుగు సెకన్లూ మళ్లీ చేర్చిన రూపాన్ని హెడ్‌ఫోన్లలో వినిపించాను. తన గొంతు వినగానే మొదట నవ్వింది. నిశ్శబ్దం దగ్గరకు వచ్చేసరికి నవ్వు ఆగింది. పూర్తిగా విని, హెడ్‌ఫోన్లు తీసి నా చేతిలో పెట్టి, 'ఊఁ, ఇదీ' అంది. ఆ మాట అనువదించమని కుర్రాడిని అడగవలసిన అవసరం రాలేదు.