కెమెరా షాట్లు – మనం తెలుసుకోవలసిన సంగతులు

పోయిన వార్షికోత్సవాన్ని మేము ఫోన్‌తో వీడియో తీశాము. బెంగళూరుకు కూలికి పోయిన ఒక తమ్ముని నాయన అది చూసి, "మావాడు కోలాటం ఆడినాడంట, యాడుండాడప్పా?" అని ఫోన్ చేసినాడు. మేము చెప్పలేకపోయాము. చివరి వరుస వెనుక కుర్చీ ఎక్కి, మొదటి నుండి చివరి దాకా ఒకే దూరం నుండి తీశాము మరి! అందరూ ఉన్నారు, ఒక్కరి ముఖమూ తెలియదు. అందుకే ఈ పాఠం.

కెమెరా ఆన్ చేసింది మొదలు ఆపేవరకు వచ్చే ముక్కను షాట్ అంటారు. మనిషి తల నుండి పాదాల వరకు, చుట్టూ ఉన్న చోటుతో సహా కనిపిస్తే లాంగ్ షాట్. నడుము నుండి పైకి చూపితే మిడ్ షాట్. మాట్లాడేవారికి ఇది బాగుంటుంది, చేతులు కూడా కనిపిస్తాయి. ముఖం మాత్రమే అయితే క్లోజప్. ఒక్క కన్నో, కాలి గజ్జో అయితే ఎక్స్‌ట్రీమ్ క్లోజప్.

మన జిల్లా తాడిపత్రిలో పుట్టిన కె.వి.రెడ్డి గారి 'మాయాబజార్' (1957) చూడని వారుండరు. కెమెరా మార్కస్ బార్‌ట్లీ గారిది. అందులో ఘటోత్కచుడు భోంచేసే ఘట్టం మళ్లీ చూడండి. చుట్టూ ఉన్న వంటకాలతో కలిపి చూపినందువల్లే ఆయన ఎంత పెరిగినాడో మనకు తెలుస్తుంది. వట్టి ముఖమే చూపితే ఆ ఆకారం తెలియదు.

కరువు వార్తల కోసం కంబదూరు వైపు వచ్చేవాళ్లు బీటలు వారిన చెరువును, ఏడ్చే ముసలాయన ముఖాన్ని క్లోజప్‌లో తీసుకొని పోతారు. అది అబద్ధం కాదు. కానీ మిడ్ షాట్‌లో ఆయన చేతిలోని ఎద్దుల పగ్గం, లాంగ్ షాట్‌లో వెనుక శనక్కాయ చేను, బడికి పోయే మనవరాలు కూడా కనిపించేవి. హాస్టల్లో అన్నం తినే పిల్లలను నిలబడి పైనుండి తీస్తే దీనంగా కనిపిస్తారు. దాన్ని హై యాంగిల్ అంటారు. తమ్ముళ్లారా, మీరు వారి పక్కనే కూర్చొని, కంటి ఎత్తులో తీయండి.

ఫోన్‌ను అడ్డంగా పట్టుకోండి. జూమ్ చేస్తే బొమ్మ మసకబారుతుంది, నడిచి దగ్గరికి పోవడమే మేలు. మెడ దగ్గర, మోకాలి దగ్గర బొమ్మను తెంచకండి. ఒక్కో షాట్ కనీసం 10 సెకన్లు కదలకుండా ఉంచండి (మా చేతులు ఇప్పటికీ వణుకుతాయి).

ఈసారి కోలాటానికి ముందే ఆ తమ్ముడు నిలబడే చోటు కాగితం మీద రాసుకున్నాము. ఎడమవైపు నుండి మూడోవాడు.